కుడివైపు కుట్టిన పుస్తకం

మధ్యాహ్నం మూడు గంటలకు ఆనందరావు మేజిస్ట్రేటు ముందు నిలబడి ‘పంతులుగారిని నేనే చంపిన’ అని ఒప్పుకోబోతున్నాడు. ఆ సంగతి అతని భార్య రాహేలు వచ్చి నాకు చెప్పేసరికి పొద్దున తొమ్మిదిన్నర దాటింది.

“నిన్న పొద్దుమీకిదాక నేను కాదు, నేను కాదన్నడన్నా,” అంది రాహేలు. “ఇయ్యాల పొద్దుగాల టిఫిన్ డబ్బ పట్టుకపోతే నా మొకమే చూడలే. ఒప్పుకుంటె కొట్టుడు ఆపుతమన్నరట. పిల్లలు పైలం అన్నడు. గంతే.”

ఆమె ఏడవలేదు. ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే మనిషి, రోజూ ఎన్నో చావులు చూస్తుంది. చేతిలోని ఖాళీ డబ్బా మూత మాత్రం తీస్తూ, పెడుతూ ఉంది. ఆ చప్పుడు నా పంటి నొప్పిలోకి నేరుగా దిగుతోంది.

నా పేరు బాలనర్సింహ. పోలీస్ యాక్షన్‌కి ముందు కొత్వాలీ దఫ్తరులో పదకొండేళ్లు పనిచేశాను. రాజ్యం మారింది, నా కుర్చీ పోయింది. ఇప్పుడు, 1957లో, పురానాపూల్ దగ్గర ఒక గది, దానికి ‘ప్రైవేటు విచారణలు’ అనే బోర్డు ఉన్నాయి. నేనంటే ఇన్‌స్పెక్టర్లకు గిట్టదు. నాకూ వాళ్లను చూస్తే వంటికి కారం రాసుకున్నట్టుంటుంది.

కేసు చూడటానికి చిన్నదే. చనిపోయిన వామన్‌రావు పంతులుకి అరవై ఒకటి. పాతిక సంవత్సరాలు సర్కారు తర్జుమా దఫ్తరులో కూర్చుని యూరపు చరిత్రలన్నీ ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి దించాడు. రిటైరయ్యాక తెలుగులో సొంత పుస్తకం మొదలుపెట్టాడు. వెయ్యేళ్ల కిందటి ఇద్దరు చక్రవర్తుల తగువు మీద ఆ పుస్తకం. తూర్పున ఒకాయన, జర్మనీలో ఒకాయన. అసలు రోమన్ చక్రవర్తిని నేనంటే నేనని ఇద్దరికీ పంతం. ఆనందరావు ప్రెస్సులో కంపోజిటరు. అయిదు నెలలుగా ఆ పుస్తకానికి ఒక్కో అక్షరం ఏరి పేరుస్తున్నది అతనే.

మంగళవారం సాయంత్రం అయిదున్నరకు చివరి అధ్యాయం తీసుకోవడానికి జహనుమాలోని పంతులు ఇంటికి వెళ్లాడు. అయిదు ముప్ఫై అయిదుకు చొక్కా నిండా నెత్తురుతో బయటికి పరుగెత్తడం ఆ ఇంటి పనిమనిషి చూసింది. మేడమెట్ల కింద వామన్‌రావు తల పగిలి పడి ఉన్నాడు. ఇవాళ గురువారం.

“నడువమ్మా,” అన్నాను. “అయిదున్నర గంటలున్నై.”

*

మేం జహనుమా ఇంటికి వెళ్లేసరికి ఇన్‌స్పెక్టర్ ప్రహ్లాద్ హాల్లో కుర్చీ వేసుకుని పంచనామా రాయిస్తున్నాడు. కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. తెలివైనవాడే. కాకపోతే మొదటిరోజు అనుకున్న మాటను మూడోరోజు దాకా మోసే అలవాటుంది.

“వచ్చావా బాలనర్సింహం? కేసు అయిపోయింది. నువ్వు ఆలస్యం,” అన్నాడు.

“అయిపోయిన కేసుకు ఇంకా పంచనామా ఎందుకు సాబ్?”

“నీలాంటి వాళ్లు వచ్చి గెలకకుండా ఉండటానికి.”

హాలు మూలన, చాప మీద రంగనాయకమ్మ కూర్చుని ఉంది. వామన్‌రావు భార్య. ఇంట్లో మైల. రెండ్రోజుల కిందటి జడ ఇంకా అలాగే ఉంది, నుదుట బొట్టు ఇంకా ఉంది. పక్కన ఇరవయ్యేళ్ల కూతురు నళిని, తల్లి మోకాలి మీద చెయ్యి వేసి ఉంది. మరో నెలలో ఆ పిల్ల పెళ్లి అనుకున్నారట. ఇప్పుడు ఆ ఇంట్లో పెళ్లి మాట ఎత్తేవాళ్లెవరూ లేరు.

నేను మెట్ల దగ్గరకు వెళ్లాను. పద్దెనిమిది రాతి మెట్లు, నిటారుగా ఉన్నాయి. పైన పంతులు రాసుకునే గది. కింది మెట్టు అంచున కడిగినా పోని మరక ఉంది. నిన్న రాహేలు మొదటిసారి వచ్చినప్పుడే ప్రెస్సుకీ స్టేషన్‌కీ వెళ్లి, ఆనందరావు చొక్కా చూశాను. నెత్తురు ఛాతీ మీద ఒకేచోట, అరచేయంత వెడల్పున ఉంది. తలను ఒళ్లోకి తీసుకున్నవాడి చొక్కాకు అంటే మరక అది. మెట్ల మీద నుంచి నెట్టినవాడికి నెత్తురే అంటదు. ఈ మాట ప్రహ్లాద్‌తో అన్నాను.

“నెట్టి, కిందికొచ్చి చచ్చాడో లేదో చూసుకున్నాడు,” అన్నాడు చప్పున. జవాబు జేబులో పెట్టుకు తిరుగుతాడు.

పనిమనిషి సక్కుబాయిని పెరట్లోకి పిలిచాను. వయసు యాభై పైన. భయం కన్నా చిరాకు ఎక్కువ ఉంది మొహంలో.

“మంగళవారం నువ్వేడ ఉన్నవ్?”

“పంతులు మూడింటికి చీటిచ్చి మలక్‌పేటకు పంపిండు సాబ్, గోపాలకృష్ణ సారింటికి. బస్సుల పోయి ఇచ్చిన. వాన మొదలైంది. నేను వాపసు వచ్చేసరికి అయిదు దాటి అర్ధగంట. గేటు కాడ గా ప్రెస్ పిల్లగాడు నా మీదికే ఉరికొచ్చిండు. నెత్తురు! నేను కేకేసిన.”

“ఇంట్ల ఎవరున్నరు?”

“అమ్మ ఒక్కతే. పెరట్ల ఉన్న, వానకు ఏం ఇనవడలే అన్నది. నళినమ్మ సంగీతం పాఠానికి పోయి ఆరింటికొచ్చింది.”

“ఇంకేమన్న చూసినవా? మామూలుగ లేనిది ఏదన్న?”

ఆమె చేతులు తిప్పింది. “ఏముంటది సాబ్. పీనుగ లేసినంక గూడ నా చాకిరి నాకే. మంగళవారం నీళ్లపొయ్యి బూడిద నేను పొద్దుగాల్నే ఎత్తిపోసిన. పొద్దుమీకి చూస్తె మల్ల నిండ బూడిద. పొయ్యి ఇంక సల్లారనే లే. ఈ ఇంట్ల మాపటిపూట ఎవరు తానం చెయ్యరు సాబ్. ఎవరు అంటువెట్టిండ్రో, ఎందుకు అంటువెట్టిండ్రో!”

ఆ మాటను అక్కడే వదిలేసి, పైకి వెళ్లాను. వదిలేసినట్టు నటించాను అనాలి.

*

పంతులు గదిలో రెండు బీరువాలు, ఒక చిన్న డెస్కు, కింద కూర్చునే పరుపు ఉన్నాయి. డెస్కు మీద ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం ప్రతి. నా వెనకే ప్రహ్లాద్ ఎక్కి వచ్చాడు.

“అదే కారణం,” అన్నాడు వేలు చూపించి. “చివరి ముప్ఫై పేజీలు చించి పట్టుకుపోయారు. మీ పంతులుకి మలక్‌పేటలో ఒక శత్రువున్నాడు, గోపాలకృష్ణ. ఇద్దరూ ఇరవయ్యేళ్లు ఒకే ప్రొఫెసర్ పదవి కోసం కొట్టుకున్నారు. చివరి అధ్యాయంలో ఆయన్ని చెరిగేసి ఉంటాడు పంతులు. ఆయన ఈ కంపోజిటరుని పట్టాడు, పేజీలు తెమ్మన్నాడు. పంతులు అడ్డొచ్చాడు. తోశాడు.”

“గోపాలకృష్ణ సార్‌ను అరెస్ట్ చేసిండ్రా మరి?”

ప్రహ్లాద్ మీసం సర్దుకున్నాడు. “ఆయన పెద్దమనిషి. సాక్ష్యం కావాలి. ముందు వీడు ఒప్పుకోనీ.”

“దెబ్బలకు ఒప్పుకునేటోడు ఏదైన ఒప్పుకుంటడు సాబ్. రేపు గోల్కొండ కట్టింది నేనే అంటడు.”

“బాలనర్సింహం, మాట జాగ్రత్త. నిన్ను ఉద్యోగంలోంచి ఊరికే తీసెయ్యలేదు.”

నొప్పిపన్ను మీద నాలుక పెట్టి నొక్కాను. ఎర్రగుడ్డ విప్పాను. పైనా కిందా మందమైన అట్టలు, రెండింటి మీదా ఏ రాతా లేదు. రెండువైపులా రాసిన కాగితాలు, అన్నీ కలిపి తెల్లదారంతో కుట్టినవి. ప్రహ్లాద్ పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకుని, కుట్టు ఎడమవైపు వచ్చేలా పెట్టి, మధ్యలో తెరిచి చివర దాకా తిప్పి చూపించాడు.

“ఇదుగో. చూడు. చించిన మొదళ్లు.”

చూశాను. కుట్టును పట్టుకుని చింపేసిన కాగితాల అంచులు కుచ్చులా ఉన్నాయి. వాటికి ముందు మిగిలిన కాగితం అడుగున అంకె చూశాను. ముప్ఫై మూడు.

పాత దఫ్తరులో పదకొండేళ్లు దస్త్రాలు తిప్పిన చెయ్యి నాది. వెంటనే పుస్తకాన్ని వెనక్కి తిరగేసి, కుట్టు కుడిచేతి వైపు వచ్చేలా పెట్టాను. ఇప్పుడు చించిన చోటు ముందుకొచ్చింది. ఉర్దూ పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది. సర్కారు మిసళ్లు, అంటే ఫైళ్లన్నీ మేం కుడివైపే కుట్టేవాళ్లం. పాతిక సంవత్సరాలు అలా కుట్టిన వామన్‌రావు, తెలుగులో రాసినా తన పుస్తకాన్ని కుడివైపే కుట్టుకున్నాడు.

“ఇన్‌స్పెక్టర్ సాబ్, పోయింది ఆఖరు అధ్యాయం కాదు. మొదటిది.”

“ఏంటి?”

“అంకెలు చూడుండ్రి. ఒకటి నుంచి ముప్ఫై రెండు దాక లెవ్వు. అవి ఆనందరావు అయిదు నెల్ల కిందనే అచ్చుకు పేర్చిండు. వాటి ప్రూఫులు ప్రెస్సుల మేకుకు వేలాడుతున్నై. వాడు ఈ పుస్తకాన్ని వారం వారం తిప్పినోడు. మొదలేదో, తుద ఏదో కండ్లు మూసుకుని చెప్తడు. ఆఖరు పేజీలు కావాలంటె ఆఖరువే చింపుతడు. చింపినోడికి ఆఖరువే కావాలె, కాని ఇది ఎటు తెరుస్తరో తెల్వదు.”

ప్రహ్లాద్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతను నమ్మాడని నాకు తెలిసింది. తర్వాత మెట్ల కిందినుంచి, పంచనామా రాస్తున్న రైటరు ‘సార్’ అని పిలిచాడు. కింద నలుగురూ చూస్తున్నారు. నమ్మకం అక్కడే ఆరిపోయింది.

“కంగారులో చించాడు, ఏదో చించాడు. కోర్టు ముందు కుట్టు పాఠాలు చెబుతావా?” నేను చివరి పేజీ తిప్పబోతుంటే పుస్తకం లాక్కున్నాడు. “ఇది ఎగ్జిబిట్. రెండింటికి పంచనామా ఫెయిర్ చేసి తెస్తాను. ఈ తల్లీకూతుళ్ల సంతకాలు, దీనికి సీలు, అటునుంచి అటే కోర్టు. నీ లొల్లి అప్పటిదాకా. చూశావా, మీ భాష నాకూ పట్టుబడింది.”

కిందికి దిగుతుంటే రంగనాయకమ్మ తలెత్తి నా వైపు చూసింది. పైన మా మాటలు వినపడ్డాయో లేదో ఆ చూపులో తెలియలేదు.

*

మలక్‌పేటలో గోపాలకృష్ణ గది తలుపు తీయగానే నాకు మొదట కనిపించింది ఆయన ఏడ్చిన మొహం. ఇరవయ్యేళ్ల శత్రువు ఎవరికోసం అంతలా ఏడుస్తాడో నాకు తెలియదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“వామన్‌రావును నేను చంపించిన్నా?” అన్నాడు నేను చెప్పింది విని. “ఎన్నోసార్లు చంపిన. వ్యాసాల్ల. వాడూ నన్ను చంపిండు. కూర్చోండి.”

“మంగళవారం అయిదింటికి మీరెక్కడున్నరు?”

“ఇక్కడనే. నలుగురు పిల్లలకు పరీక్ష పాఠం చెప్తున్న. వాళ్ల పేర్లు రాసిస్త.” రాసిచ్చాడు కూడా.

డెస్కు మీద ఆయన తెలుగు నోట్సు కట్ట ఉంది. కుట్టు కుడివైపు. ఆయన దాన్ని పక్కకు జరిపేటప్పుడు చెయ్యి దానికదే కుడి అంచు మీద పడింది.

“మీరు గూడ గిట్లనే కుడ్తరా?”

“మేమిద్దరం ఒకే దఫ్తర్ల, ఒకే బల్ల మీద పని నేర్చినోళ్లం. ఇంకెట్ల కుడ్తం?”

అయితే ఈయనకూ ఆ పొరపాటు రాదు. ప్రహ్లాద్ కట్టుకున్న గోడలో రెండో రాయి కూడా ఊడింది. కాని నా చేతిలో దొంగ ఇంకా లేడు. గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

“మీ తగువు దేని మీద?”

“చక్రవర్తుల మీద.” నవ్వబోయి మానేశాడు. “వాడు తూర్పు రాజు దిక్కు, నేను జర్మనీ రాజు దిక్కు. తూర్పు రాజుది పాత గద్దె. జర్మనీ రాజు కత్తితోని సంపాదించుకున్నడు. ఈయన దూత ఒక బిషప్పు తూర్పు రాజు ఉండే కాన్‌స్టాంటినోపుల్‌కు పోతె, నాలుగు నెలలు కారే ఇంట్ల పెట్టి, కాపలా వేసి, మంచినీళ్లు గూడ కొనుక్కోవాల్సిన గతి పట్టించిండ్రు. ‘మీ రాజు రాజే కాదు’ అన్నరు. వాపసు వచ్చేటప్పుడు సామాను వెతికి, కొనుక్కున్న ఊదారంగు పట్టుబట్టలు గుంజుకున్నరు. అసుంటి పట్టు కట్టే యోగ్యత మీ జాతికి లేదన్నరు. ఆ దూత వచ్చింది దేనికి? పిల్లనడగడానికి. రాజు కూతుర్నియ్యండి, తగువు తీరుద్దాం అని.”

“ఇచ్చిండ్రా?”

“నాలుగేండ్లకు ఇచ్చిండ్రు. అప్పటికి అక్కడ రాజు మారిండు. కాని వచ్చిన పిల్ల రాజు కూతురు కాదు. కొత్త రాజుకు చుట్టం పిల్ల, థియోఫానో. జర్మనీ దర్బార్ల కొందరు మండిపడ్డరు, మోసం, వాపసు పంపుమన్నరు. ముసలి రాజు పంపలే. కొడుక్కు ఆమెనే చేసిండు. తర్వాత మగడు చచ్చిపోతె, చిన్న కొడుకు పేరు మీద రాజ్యం నడిపింది గా పిల్లనే. ఈ ఒక్క దగ్గర మేమిద్దరం ఏకమైనం. ముసలి రాజు చేసిన పనే సబబు అని వాడూ రాసిండు, నేనూ రాసిన.” ఆయన నోట్సు కట్టను ఇంకాస్త పక్కకు జరిపాడు. “మేం గూడ అట్లనే చేసుకుందామనుకున్నం. నళినిని మా పెద్దోనికి అడిగిన. వాడు ఒప్పుకున్నడు. ఇరవై ఏండ్లకు మొదటిసారి ఇద్దరం కలిసి అన్నం తిన్నం.”

“మంగళవారం చీటి పంపిండట కదా.”

సొరుగు తీసి ఇచ్చాడు. ఉర్దూలో నాలుగు వరుసలు. ‘పెళ్లికి ముందు నీకు చెప్పవలసింది ఒకటున్నది. నోటితో చెప్పలేను. పుస్తకం ఆఖరున కుట్టి పంపుతున్నాను. చదివి, నీ కొడుకుతో మాట్లాడి, అప్పుడు జవాబివ్వు.’

“ఏందది?”

“నాకు ఇంక అందలే గదా,” అన్నాడు గోపాలకృష్ణ.

నేను లేచి నిలబడ్డాను. పుస్తకం ఆఖరున. ఆ మాట పంతులు ఈయనకు రాశాడు. ఇంకెవరికో నోటితో చెప్పి ఉండాలి. విన్నవాళ్లు ఆ ఆఖరును వెతుక్కుని మొదలు చింపారు. చింపి నీళ్లపొయ్యిలో వేశారు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది ఎవరో సక్కుబాయి చెప్పింది. ఇది ముందే తట్టలేదని చెప్పను. తట్టింది. తట్టకపోతే బాగుండునని మలక్‌పేట దాకా వచ్చాను, అంతే.

*

రెండూ అయిదు. జహనుమా ఇంటి ముందు పోలీసు వ్యాను ఆగి ఉంది. వెనక బల్ల మీద బేడీలతో ఆనందరావు. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. రాహేలు వానలో వ్యాను పక్కన నిలబడి, జాలీ మీద ఆనించిన అతని వేళ్లను పట్టుకుని ఉంది. నన్ను చూసి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇంకాస్త సులువయ్యేది.

లోపల ప్రహ్లాద్ లక్క కరిగిస్తున్నాడు.

“సీలు వేసే ముందట ఒక్కసారి పుస్తకం ఇయ్యండి సాబ్. ఒక్క పేజీ. అందుల ఏం లేకుంటె నేను ఇంక ఈ కేసు మొకం చూడ.”

“మాటేనా?”

“మాటే.”

విసుగ్గా తోశాడు. కుట్టు కుడివైపు పెట్టి, అడుగు అట్ట తెరిచాను. ఆఖరు అధ్యాయం చెక్కుచెదరలేదు. దాని తర్వాత వేరే దారంతో కుట్టిన ఒక కాగితం. ఉర్దూ. పంతులు చేతిరాత.

“అమ్మా,” అన్నాను రంగనాయకమ్మతో, “పంతులుగారు ఆఖరున కుట్టిన కాగితం ఇగో. ఉన్నది.”

ఆమె మొహంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను.

“అది కాలిపోయింది గదా,” అంది.

లక్క చిటచిటలాడుతోంది. ప్రహ్లాద్ చేతిలోని కడ్డీని మెల్లగా కింద పెట్టాడు. ఆమె ఏమందో ఆమెకు అప్పుడు అర్థమైంది. నళిని చెయ్యి తల్లి మోకాలి మీద అలాగే ఉంది.

నేను కాగితం మనసులోనే చదివాను.

‘గోపాలకృష్ణా, నళిని మాకు పుట్టిన పిల్ల కాదు. ఇరవయ్యేళ్ల కింద దవాఖానాలో చనిపోయిన ఒక దిక్కులేని ఆమె పక్కలో దొరికింది. ఆమె ఎవరో, ఏ కులమో తెలియదు. మేము మహారాష్ట్రలో ఉన్న ఏడాదిలో పుట్టిందని ఊరికి చెప్పాము. కన్యాదానం పీటల మీద కూర్చుని, అగ్ని ముందు నా గోత్రం చెప్పి, నా తండ్రి తాతల పేర్లు చెప్పి, ఇది వాళ్ల మనుమరాలు, మునిమనుమరాలు అని నేను అనలేను. తెలిసి చేసుకుంటే సంతోషం. వద్దంటే తప్పు నాది, పిల్లది కాదు.’

రంగనాయకమ్మ నా కళ్లనే చూస్తోంది. ఆమెకు ఉర్దూ రాదు. కాని ఆ కాగితంలో ఏముందో ఆ గదిలో నాతోపాటు తెలిసిన మనిషి ఆమె. నేను నోరు తెరిచి చదివితే వ్యానులోని మనిషి బయటపడతాడు. ఈ మూలన కూర్చున్న పిల్లకు అమ్మా నాన్నా ఇద్దరూ ఒక్క వారంలో పోతారు.

“ఏముంది అందులో?” అన్నాడు ప్రహ్లాద్. “నాకు ఆ లిపి రాదు. చదువు.”

“చదవొద్దు.” రంగనాయకమ్మ లేచి నిలబడింది. “నేనే చెప్త. చంపింది నేనే. ఇంక ఆ కాగితంతోని మీకేం పని?”

“అమ్మా!” అంది నళిని.

“నువ్వుండు బిడ్డా.” ఆమె ప్రహ్లాద్ వైపు తిరిగింది. “నలభై ఏండ్ల కాపురం సార్. ఆయనకు ఎప్పుడూ గా పుస్తకమే, గా రాజులే. నేను మనిషిని అని తెల్వదు. మంగళవారం నాలుగున్నరకు నేను మేడ మీదికి పోయిన. ఆఖరున ఏమో కుట్టిన, ప్రెస్ పిల్లగాడు వచ్చి తీస్కపోతడు అన్నడు. పంపొద్దన్న. కాళ్లు పట్టుకున్న. అబద్ధం ఆడలేనన్నడు. నేను చెయ్యి పట్టి గుంజిన, ఆయన విడిపించుకుని మెట్ల దిక్కు వచ్చిండు. నెట్టిన. అంత దూరం పోతడనుకోలే.” ఊపిరి తీసుకుంది. “కిందికి ఉరికి చూసిన. అయిపోయింది. మల్ల పైకి పోయి ఆఖరు కాగితాలు చింపి పొయ్యిల వేసిన. అవి ఏంటివో చూసేంత సూపు గూడ లేదప్పుడు. ఆ ప్రెస్ పిల్లగాడు వచ్చి ఆయన తల ఒళ్లె పెట్టుకుని ‘సార్, సార్’ అని పిలుస్తుంటె పెరట్ల నుంచి విన్న. విని గూడ ఊకున్న. రెండొద్దుల నుంచి అదే ఇనబడుతున్నది. వాణ్ని ఇడిచిపెట్టుండ్రి.”

“దేనికోసం నెట్టారు? ఏం రాశాడు అందులో?” ప్రహ్లాద్ నా వైపు తిరిగాడు. “బాలనర్సింహం!”

“చరిత్రే సాబ్,” అన్నాను. “రాజు కూతురని చెప్పి జర్మనీకి పంపిన ఒక పెళ్లికూతురి సంగతి.”

చెప్పి, ఆ కాగితాన్ని దారంతో సహా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ప్రహ్లాద్ చూశాడు. ఎగ్జిబిట్‌లోంచి కాగితం తీసినందుకు నన్ను అక్కడికక్కడే లోపల వేయవచ్చు. అతని కళ్లు నా జేబు నుంచి రంగనాయకమ్మ మీదికి, ఆమె నుంచి నళిని మీదికి పోయాయి. తర్వాత రైటరు వైపు తిరిగి, “రాసుకో. సంసారంలో మనస్పర్థలు,” అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్కసారే.

*

ఆనందరావు చేతులకున్న బేడీలు తీశారు. అతను వ్యాను దిగి, నడవలేక రాహేలు భుజం మీద వాలాడు. ఆ బేడీలు రంగనాయకమ్మకు వేయబోతే ప్రహ్లాద్ వద్దన్నాడు. ఆమె ఆనందరావు ముందు ఆగి చేతులు జోడించింది. అతను ఏం చెయ్యాలో తెలియక, అలవాటు కొద్దీ, “పైలం అమ్మా, వ్యాను మెట్టు ఎత్తున్నది,” అన్నాడు.

నేను గడప దాటుతుంటే నళిని వెనక వచ్చింది.

“ఆ కాగితం నాకియ్యండి.”

“అందుల ఏం లేదమ్మా. చరిత్ర.”

“నేను ఉర్దూ బళ్లె చదివిన సార్. నాన్ననే నేర్పిండు మొదట.” ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. “అందుల ఏమున్నదో నాకు తెలుసు. నెల కింద నాన్న నాకు చెప్పిండు. అగ్ని ముందట మీరు అబద్ధం ఆడొద్దు, రాసి పంపుండ్రి, వాళ్లు వద్దంటె వద్దు అని నేనే అన్న.”

నాకు పంటి నొప్పి ఆగిపోయినట్టయింది. ఒంట్లో ఏదీ తెలియలేదు.

“అమ్మకు తెలుసా? నీకు తెలుసన్న సంగతి?”

“తెల్వదు. అమ్మకు చెప్పొద్దని నాన్నతోని ఒట్టేయించుకున్న. నాకు తెలిసిందంటె అమ్మ తట్టుకోలేదని. రాసిన సంగతి దాచలేకపోయిండు, నా సంగతి మాత్రం దాచిండు. నాకు తెలుసని ఒక్క మాట అని ఉంటె అమ్మ ఆయన్ని నెట్టేది కాదు.” ఆమె చెయ్యి చాచింది. “ఇప్పుడు గూడ చెప్పకండి సార్. ‘నా బిడ్డకోసం చేసిన’ అన్న ఒక్క మాట మీద అమ్మ నిలబడ్డది. అది గూడ తీసెయ్యొద్దు.”

మలక్‌పేటలో ఉబ్బిన కళ్లతో కూర్చున్న మనిషి, ‘ముసలి రాజు వాపసు పంపలే’ అన్న మాట, నా గొంతు దాకా వచ్చాయి. అవి ఇప్పుడు ఎవరికి చెప్పాలి? కాగితం తీసి ఇచ్చాను. ఆమె దాన్ని విప్పకుండానే గుప్పిట్లో మూసుకుంది.

వ్యాను కదిలింది. వాన ఇంకా పడుతూనే ఉంది. వెనక జాలీలోంచి రంగనాయకమ్మ చెయ్యి బయటికి వచ్చింది. బయట నిలబడకు, తడుస్తావు, లోపలికి పో అని కూతురికి సైగ చేస్తూ ఉంది.